కోత సరే, జమ ఏదీ?

ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారి ఆలోచన నాకు తెగ నచ్చింది. చలానా పడీ పడగానే బండి యజమాని బ్యాంకు ఖాతాలోంచి డబ్బు దానంతటదే తెగిపోవాలట. బకాయిలు, బతిమాలుకోవడాలు, డిస్కౌంట్లు ఇకమీదట ఉండకూడదట. భేష్. 2023 డిసెంబరులో బైకులకూ ఆటోలకూ 80 శాతం, కార్లకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకైతే ఏకంగా 90 శాతం మాఫీ ప్రకటించి, గడువు మళ్లీ మళ్లీ పొడిగించిన సర్కారు ఇంత నిక్కచ్చిగా మారడం ముచ్చటగానే ఉంది. (సర్కారు బస్సుకు సర్కారు వేసిన జరిమానాను సర్కారే మాఫీ చేసుకోవడమనే అద్వైతం జోలికి ఇప్పుడు పోను.)

నాది ఒక్కటే మనవి. ఎలాగూ గొట్టం వేస్తున్నారు కదా, రెండు వైపులా పారేలా వేయండి. నేను తప్పు చేసిన క్షణాన నా డబ్బు అటు పోవాలి. సర్కారు తప్పు చేసిన క్షణాన వాళ్ల డబ్బు ఇటు రావాలి. నా తప్పుకు కెమెరా సాక్ష్యం. వాళ్ల తప్పుకు నా నడుము సాక్ష్యం.

ఈ పద్ధతి అప్పుడే అమల్లోకి వచ్చేసిందనుకుని ఆయన ఆ మాటన్న మర్నాడు పాతబస్తీకి బయల్దేరాను. షాలిబండ అవతల షెడ్డులో కారు తయారై కూర్చుంది. దారిలో ఛత్తా బజార్‌లో మేనల్లుడి పెళ్లికార్డులు తీసుకోవాలి, పత్తర్‌గట్టిలో పెట్టుబడి బట్టలు చూడాలి.

మెట్రోలో ఎంజీబీఎస్ దగ్గర దిగాను. దిగాననడం కన్నా దింపేశారనడం సబబు. అక్కడినుంచి పాతబస్తీ వైపు పట్టాలే లేవు. 2010లో ఎల్ అండ్ టీతో రాసుకున్న ఒప్పందంలో ఆ లైను ఫలక్‌నుమా దాకా ఉంది. అవతలి నగరం 2017లోనే రైలెక్కింది. ఆ లైను ఎంజీబీఎస్‌కు 2020లో వచ్చింది. మిగిలిన అయిదున్నర కిలోమీటర్లకు 2024 మార్చి 8న శంకుస్థాపన చేశారు. మెట్లు దిగుతుండగానే ఫోను టింగుమంది. 'ప్రియమైన ఖాతాదారు, మెట్రో ఆలస్య రుసుము మీ ఖాతాలో జమ చేయబడినది.' వడ్డీ రేటు నేను పెట్టింది కాదు సుమా. ఆస్తిపన్ను కట్టడం ఆలస్యమైతే నెలకు 2 శాతం చొప్పున మన దగ్గర పిండుతారే, అదే. ఇన్నేళ్లకూ లెక్కగడితే చార్మినార్‌లో ఒక మినారు నా పేర రాసివ్వాల్సి వస్తోంది. తతిమ్మా మూడూ ఇరుగుపొరుగు ఖాతాదారులకు వదిలేశాను.

మూసీ దాటి దారుల్‌షిఫా మీదుగా నడిచాను. ఫుట్‌పాత్ కనిపించినప్పుడల్లా ఎక్కాను. అంటే, ఎక్కలేదు. టింగు. చలానా మీద యూజర్ ఛార్జీ అని 35 రూపాయలు అదనంగా వేస్తారు చూడండి, అదీ కలిపే జమైంది. నా మోకాళ్లను వాడుకున్నందుకు.

ఛత్తా బజార్ ప్రెస్సాయన కార్డు తిరగేసి చూపించాడు. వెనకవైపు ఖాళీ.

"ఫంక్షన్ హాలుకు దారి గీస్తానంటిరి కదా భాయ్?"

"గీసినం సార్. గీసినంక రోడ్డు తవ్విన్రు. మల్ల వేరే దారి గీసినం. అది గూడ తవ్విన్రు. ఇగ మ్యాప్ వద్దు సార్, ఫోన్ నంబరు ఏద్దాం. అడుక్కుంట వస్తరు."

కార్డు వెనక ఖాళీకి పరిహారం ఎంతో తేలక వ్యవస్థ కాసేపు గిరగిరా తిరిగి, చివరికి పెళ్లి చదివింపుల కింద రాసుకుంది. పత్తర్‌గట్టిలో బట్టలు కొన్నాక ఆటో ఎక్కాను. ఆ ప్రయాణంలో ఫోను ఆగకుండా మోగడం చూసి ఆటో అబ్బాయి, "ఏం బిజినెస్ సార్ మీది?" అని అడిగాడు. ఓటరునన్నాను.

షెడ్డులో ఉస్తాద్ బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"హోగయా సాబ్. లోయర్ ఆర్మ్ మార్చినా, లింక్ రాడ్లు కొత్తవేసినా. ముందటి షాకబ్జర్లు రెండూ పోయినయ్. పాత సామాను డిక్కీల పెట్టినా, చూస్కోండ్రి."

"మళ్లీ ఎన్నాళ్లు ఆగుతయ్ ఉస్తాద్?"

"కంపెనీ మాల్ సాబ్. సామాన్‌కు గ్యారంటీ నాది. సడక్‌కు గ్యారంటీ మీ సర్కార్‌ది."

ఉస్తాద్ ఇచ్చిన బిల్లు చీటీని ఫొటో తీసి సర్కారుకు పంపాను. ఇంత పెద్ద మొత్తం కదా, గట్టి టింగు వస్తుందని చూశాను. వచ్చిన జవాబు ఇదీ: 'క్షమించాలి. సదరు గుంత యజమానిని గుర్తించలేకపోతున్నాము.'

అక్కడుంది కిటుకు. బండికి నంబరు ప్లేటు ఉంటుంది, గుంతకు ఉండదు. కాబట్టి ముందు గుంతలను రిజిస్టర్ చేయాలి. పుట్టిన తేదీ, కన్న శాఖ, పెంచిన కాంట్రాక్టరు, అన్నీ ఆర్‌సీ మీద అచ్చేయాలి. ఏపీ 12గా పుట్టి, టీఎస్ 12గా పెరిగి, టీజీ 12గా స్థిరపడిన గుంతలు ఈ బస్తీలో ఉన్నాయి. పదిహేనేళ్లు దాటిన కార్లకు గ్రీన్ ట్యాక్స్ కట్టించుకునేవాళ్లు పదిహేనేళ్లు దాటిన గుంతలను ఊరికే ఎలా వదులుతారు? యాజమాన్య బదిలీకి కూడా ఫారం ఉండాలి. నీళ్లవాళ్లు తవ్వింది కరెంటువాళ్లకు, కరెంటువాళ్లు విడిచింది కేబుల్‌వాళ్లకు చేతులు మారుతుంటుంది కదా. సర్కారుకు బరువైతే నేనే ఒక లోక్ అదాలత్ పెడతాను. మొహమాటం లేదు, గుంతల మీద 60 శాతం మాఫీ. ఆర్టీసీ బస్సు పట్టేంత గుంతైతే 90.

అయితే యజమాని ఎవరన్నది వేళాకోళం ప్రశ్న కాదు. 2025 సెప్టెంబరులో ఇదే పాతబస్తీలో, యాకుత్‌పురాలో, బడికి బయల్దేరిన చిన్నపిల్ల మూత తీసి వదిలేసిన మ్యాన్‌హోల్‌లో పడింది. వెంట ఉన్నవాళ్లు లాగారు కాబట్టి బతికింది. మూత తీసిందెవరయ్యా అంటే, ముందు మేం కాదంటే మేం కాదన్నారు. తర్వాత నగర విపత్తు స్పందన సంస్థ హైడ్రా బాధ్యత ఒప్పుకుంది. హెల్మెట్ లేని తలను కూడలిలో ఒక్క క్షణంలో పట్టుకుని, దాని ఇంటి చిరునామా కూడా చెప్పగలిగే యంత్రాంగానికి, నడివీధిలో నోరు తెరుచుకున్న గొయ్యి ఎవరిదో చెప్పడానికి పంచాయితీ కావాల్సి వచ్చింది.

చట్టం లేక కాదు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి మన జరిమానాలు పెంచినప్పుడు, 198-ఏ అని ఒక సెక్షను కూడా చేర్చారు. రోడ్డును ప్రమాణాల ప్రకారం కట్టనందుకు, చూసుకోనందుకు మనిషి చచ్చిపోయినా అవిటివాడైనా, బాధ్యుడైన అధికారికో కాంట్రాక్టరుకో జరిమానా వేయాలంటుంది. ఎంతనుకున్నారు? లక్ష రూపాయలకు మించకుండా. ఈ నగరంలో ఆ లక్ష ఎవరి ఖాతాలోంచి తెగిందో, ఆ మెసేజ్ ఎవరి ఫోనుకు వచ్చిందో ఒక్కరు చూపించండి. మనిషి ప్రాణానికి కట్టిన ఆ లక్షకు ఆటో డెబిట్ పెట్టాలన్న ఆలోచన మాత్రం ఏ వేదిక మీదా ఎవరి నోటా రాలేదు. గల్లీలో బైకు తోలేవాడు జేబులోంచి తీసే వందా రెండొందలకే ఇంత తొందర, ఇంత టెక్నాలజీ, ఇంత చిత్తశుద్ధి.

ఖాతా నంబర్లు రాసుకోవడం అటునుంచి మొదలుపెట్టండి. రోడ్డేసినవాడిది, కొలత పుస్తకంలో సంతకం పెట్టినవాడిది, బిల్లు పాస్ చేసినవాడిది, మూత తీసి టీ తాగడానికి పోయినవాడి పైవాడిది. వాళ్లవన్నీ అయ్యాక నా దగ్గరికి రండి. పాస్‌బుక్కు సిద్ధంగా పెట్టుకుంటాను.