కోతిగారి బదిలీ

కోతుల బెడదకు పల్లెల్లో కనిపెట్టిన మందు ఒక్కటే. పట్టేవాళ్లను పిలిపించడం, బోనులో అరటిపళ్లు పెట్టడం, తలకింతని లెక్కగట్టి ఎక్కడో అడవి అంచున వదిలిరావడం. దీన్ని నివారణ అంటున్నాం గానీ, ఇది ఉత్త బదిలీ. కొత్తచోట దిగిన కోతి అడవిలోకి ఎందుకు పోతుంది? అరటిపళ్లు పెట్టే జాతి దగ్గర్లోనే ఉంటుందని దానికి తెలుసు. పక్క ఊళ్లో చార్జి తీసుకుంటుంది. ఆ ఊరివాళ్లూ చందాలేసుకుని బోను తెప్పిస్తారు. మధ్యలో బాగుపడేది పట్టేవాడొక్కడే.

అడవులు కొట్టేశాం, పళ్లచెట్లు నాటితే అవే పోతాయి కదా అంటారు. సగం నిజం. రోడ్ల విస్తరణలో మర్రి, మేడి, నేరేడు పోయిన మాట వాస్తవమే. నీలగిరి తోటలో కోతికి తినడానికేముంది? తెలంగాణలో 2015లో మొక్కలు నాటే హరితహారం మొదలెట్టినప్పుడు వానలు తిరిగి రావాలనీ, కోతులు తిరిగి పోవాలనీ ఆశపడ్డారు. అయితే మేడిపండు కోసం కొమ్మకొమ్మా వెతకాలి, గుడిమెట్ల మీద కొబ్బరిచిప్ప చేతికే వస్తుంది. చిప్స్ పొట్లం దొరికిన కోతిని గమనించండి. అంచు పంటితో చింపి, ఒక్కొక్కటే ఏరుకు తిని, చివర్న పొట్లం తిరగేసి ఉప్పు నాకుతుంది. బాలి దీవిలోని ఉలువాటు గుడి దగ్గరైతే కోతులు కళ్లజోళ్లు, ఫోన్లు లాక్కుని, తిండి ముట్టాకే తిరిగిస్తాయి. వస్తువు ఖరీదైనదైతే వయసొచ్చిన కోతులు బేరం పెంచుతాయని 2021లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఇంత వ్యాపారం వంటబట్టినవాటిని నేరేడు మొక్క చూపించి పంపేద్దామనుకోవడం మన అమాయకత్వం.

ఆంజనేయస్వామికి పెట్టినట్టే కదా, పుణ్యం అని మరికొందరు. పుణ్యం పెట్టినవాడి ఖాతాలో పడుతోంది, నష్టం మాత్రం రైతుకు. కోతులకు జడిసి మొక్కజొన్న, పల్లి, కూరగాయలు మానేసినవాళ్లు తెలంగాణలో ఎందరో. పోనీ చంపేద్దామా? 2016లో సిమ్లాలో కోతులను చంపొచ్చని కేంద్రమే ప్రకటిస్తే, భక్తి అడ్డొచ్చి చంపేవాళ్లు కరువయ్యారు. మన దగ్గరా అంతే అవుతుంది, రాసిపెట్టుకోండి. కుటుంబ నియంత్రణ కొంత నయం. నిర్మల్ జిల్లా చించోలి (బి)లో 2020లో ఇందుకోసమే కేంద్రం తెరిచారు. సంతతి తగ్గడానికి ఏళ్లు పడుతుంది, పైగా ఆపరేషన్ అయిన కోతికి ఆకలేం తగ్గదు. కనుక ముందు కట్టాల్సింది మన చేతుల్ని, మూయాల్సింది చెత్తకుండీని. శ్రీశైలం వెళ్లేవాళ్లకు ఒక విన్నపం: ఘాట్ రోడ్డులో కారాపి అద్దం దించకండి, ఆ బిస్కెట్లేవో వెనక సీట్లో పిల్లలకు పెట్టండి.