పాతబడితే గానీ పెట్టరట

మా ఇంట్లో ఏ వస్తువునీ కొత్తగా ఉండగా తిన్న పాపాన పోలేదు నేను. బియ్యం కొత్తవైతే అన్నం ముద్దవుతుందని ఏడాది మాగబెడతారు. చింతపండు ఎర్రగా ఊరిస్తుంటే ఒంటికి పడదట, నల్లబడేదాకా కుండలోనే ఉండాలి. ముప్పయ్యేళ్ల కాపురంలో ఇవన్నీ నోరెత్తకుండా భరించాను. చివరికి చుట్టపు చూపుగా వచ్చిన ఫ్రెంచి సీసా కూడా మా ఆవిడ పక్షాన చేరిపోయాక, ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

పోయిన సంక్రాంతికి మా అన్న కొడుకు వచ్చాడు. ఈ పక్క కుర్రాళ్లు చాలామంది లాగే వాడూ ఓడ ఎక్కాడు. బారువ తీరాన దీపస్తంభం చూస్తూ పెరిగినవాడు, ఇప్పుడు ఎక్కడెక్కడి దీపస్తంభాలో చూస్తున్నాడు. సంచీలోంచి తువ్వాలు చుట్టిన బోర్డో వైను సీసా తీసి, నా చేతిలో పసిపిల్లని పెట్టినట్టు పెట్టాడు.

"చిన్నాన్నా, ఇప్పుడే తియ్యొద్దు. ఇంకో అయిదారేళ్లు ఉంచు."

తాగడానికి ఇచ్చాడా, కాపలా కాయడానికి ఇచ్చాడా? పోనీ గొప్ప ఏడాదిదేనా అని అడిగాను. "అంత పేరున్నది కాదు. అందుకే మన చేతికి అందింది" అన్నాడు నవ్వుతూ.

అప్పుడు తెలిసింది, బోర్డోలో ద్రాక్షపంటకి ఏడాదికో జాతకం రాస్తారట. 1961, 1982, 2000 రాజయోగం పట్టిన సంవత్సరాలు. 2000 కోసం జనం ఎగబడ్డారు. దాని వెనకే పుట్టిన 2001ని పలకరించిన నాథుడు లేడు. పెద్దకొడుకు పెళ్లి బాజాభజంత్రీలతో చేసి, రెండోవాడికి గుళ్లో తాళి కట్టించినట్టు. పదేళ్లు గడిచాక సీసాలు తీసి చూస్తే, ఆ రెండోవాడు నిదానంగా, నిలకడగా ఎదిగి కూర్చున్నాడు. 2008దీ ఇదే కథ. నా చేతిలో పడ్డ 2014దీ అంతే. ఆ ఏడు ఆగస్టంతా చలి, ముసురు. పంట పోయిందనుకుంటుండగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎండ కాసి గట్టెక్కించింది. ఈలోగా 2015, 2016 మేళతాళాలతో వచ్చేశాయి. 2014 అరుగు మీదే ఉండిపోయింది.

సీసా మీద అంకె చూసి మా ఆవిడ ఒకటే ప్రశ్న వేసింది. "ఏటండీ, హుద్‌హుద్ సీసానా?"

తప్పేముంది? అక్కడ ఎండ కాసి ద్రాక్ష తీపెక్కిన ఆ అక్టోబరులోనే, 12వ తేదీన, హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని ఊడ్చి పారేసింది. మా ఉద్దానం వాళ్లకి ఏడాదులు పంచాంగం పేర్లతో కాదు, తుఫాన్ల పేర్లతో గుర్తుంటాయి. 2013 అంటే ఫైలిన్. 2018 అంటే తిత్లీ.

పాతబెట్టడం దండగన్న నా వాదం ఆ తిత్లీ దగ్గరే వీగిపోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ గాలి కొబ్బరితోటల్ని, జీడితోటల్ని నేలమట్టం చేసింది. మా పెరటి మామిడికి ఒకటిన్నర కొమ్మ మిగిలింది. ఆ కొమ్మకి మరుసటి వేసవిలో కాసిన కాయలు పిడికెడంతే. పీచు, రాయిలాంటి టెంక, కొరికితే కళ్లు మూసుకుపోయే పులుపు. టెక్కలి నుంచి నేను తెచ్చిన నున్నటి కాయలతో పెద్ద జాడీ నింపి, ఈ అనాథలకి ఓ చిన్న జాడీ కేటాయించింది మా ఆవిడ. ఉప్పు, ఆవపిండి, కారం, పైన రెండు వేళ్ల మందాన నువ్వుల నూనె, మూతికి గుడ్డ. నేను నవ్వాను. పెద్ద జాడీ ముక్కలు వానాకాలం వెళ్లేసరికే మెత్తబడి గుజ్జయ్యాయి. చిన్నది మూడో ఏట తీస్తే ముక్క ఇంకా కరకరమంటోంది! ఆవఘాటు అణిగింది, పులుపు మాత్రం కుదురుగా నిలబడింది. ఆ పులుపే దానికి ఆయువు పోసింది. వైనులోనూ తొక్క వగరు, పండు పులుపు గట్టిగా ఉన్నవే ఏళ్ల తరబడి ఓర్చుకుంటాయట. వగరు మెల్లగా మడ్డిగా అడుక్కి దిగుతుందట. ఆ జాడీ ఇప్పుడు అటక మీద ఉంది. చుట్టాలు వస్తే ఒక్కో ముక్క. నేను చుట్టాన్ని కాను.

సీసాని దాచడం మరో వ్రతం. పన్నెండు, పదమూడు డిగ్రీల చల్లదనం కావాలట. మే నెలలో మా వీధి అరుగు మీద చెయ్యి పెట్టినవాడికి ఈ మాట చెప్పి చూడండి. చీకటి ఉండాలి, అదురు ఉండకూడదు, బిరడా తడిగా ఉండేలా పడుకోబెట్టాలి. అదురు భయం లేదు, బారువ స్టేషన్ పేరుకే మాది, రైలు చప్పుడు ఊళ్లోకి రాదు. ఫ్రిజ్‌లో పెడదామంటే అది ఆగి ఆగి వణుకుతుంది, పైగా కరెంటు దాని ఇష్టం. చీకటి గదిలో పచ్చళ్ల పక్కన సారా పెడితే ఊరుకోనని మా ఆవిడ ఖరాఖండీగా చెప్పింది. చివరికి పెరటి వరండా మూల, మంచినీళ్ల కుండ కింది ఇసకలో ఓ గుంట తీయించి పడుకోబెట్టాం. నాకు మాత్రం ఇప్పటిదాకా అంత చల్లని చోటు దొరకలేదు.

మొన్న ఏదో రేవు నుంచి కుర్రాడు ఫోను చేశాడు. నా ఆరోగ్యం అడగలేదు, సీసా ఎలా ఉందని అడిగాడు. మా ఆవిడ ఫోను లాక్కుని, "బాగానే ఉంది నాన్నా, పూటకో చెంబుడు నీళ్లు పోయడం మరవొద్దని మీ చిన్నాన్నకి గట్టిగా చెప్పు" అంది.

పోస్తున్నాను. కుళాయి రాని రోజు నా స్నానం నీళ్లలోంచి కోత పెట్టి మరీ పోస్తున్నాను.