లేసు సూది చెప్పే లెక్క

నేను లేసు అల్లే సూదిని. బట్టలు కుట్టే సూదికి బెజ్జం ఉంటుంది, నాకు కొసన చిన్న కొక్కెం ఉంటుంది. దానికి దారం తగిలించి ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతారు. అలా వందలసార్లు లాగితే అరచేయంత పువ్వు తయారవుతుంది. నేనుండేది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పక్క పల్లెలో, ఒక అత్తాకోడళ్ల ఇంట్లో.

ఈ అల్లికను 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ మిషనరీలు ఇక్కడికి తెచ్చారని చెబుతారు. మొదట క్రైస్తవం పుచ్చుకున్న పేద కుటుంబాల ఆడవాళ్లు నేర్చుకున్నారు. ఆడవాళ్లు పొలానికి వెళ్తే పరువు పోతుందనుకునే ఇళ్లవాళ్లు కూడా తర్వాత నన్ను చేరదీశారు. లేసు ఇంట్లో కూర్చుని అల్లేది కదా, ఎవరి కంటా పడదు. అలా కంటపడకపోవడమే ఈ పనికి శాపమైంది.

అత్తగారు ఎడమ చిటికెన వేలికి దారం ఒక చుట్టు చుట్టి, చూపుడు వేలి మీదుగా బిగువుగా పట్టుకునేవారు. దారం ఒరిసి ఒరిసి ఆ వేలి మీద గీత పడి కాయ కాసింది. పక్కింటావిడతో మాట్లాడుతూనే ఉచ్చులు లెక్క తప్పకుండా వేసేవారు. తెల్లదారం కనక మాటిమాటికీ లేచి చేతులు కడుక్కునేవారు. మరక పడితే ముక్క వెనక్కొస్తుంది, కూలి పోతుంది. పొద్దున్న వంటయ్యాక అరుగు మీద మొదలు, మధ్యాహ్నం మళ్లీ, దీపాలు పెట్టాక మళ్లీ. ఆ గంటలన్నీ నాకు తెలుసు. అప్పట్లో ఇంకెవరూ లెక్కపెట్టలేదు.

ఏజెంటు వచ్చి దారం కండెలిచ్చి, అల్లినవి పట్టుకెళ్లేవాడు. ఒక ఇంట్లో పువ్వులు, ఇంకో ఇంట్లో వాటిని కలిపే అతుకుపని, ఉతుకూ ఇస్త్రీ ఎగుమతిదారు దగ్గర. టేబుల్ క్లాత్ పూర్తయ్యాక ఎలా ఉంటుందో, ఎంతకు అమ్ముడవుతుందో అల్లినావిడకు తెలిసేదే కాదు. కూలి కండెకింత.

“ఈసారి కండెకి కాస్త తగ్గించమన్నారండి. చైనా మిషను లేసొచ్చి పడింది.”

“పోయినసారీ ఇదే మాటన్నారు కదా బాబూ.”

“నా చేతుల్లో ఏముందండీ?”

అతని చేతుల్లో నిజంగానే పెద్దగా ఏమీ లేదు. అతని పైన ఒకరు, ఆ పైన ఇంకొకరు.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ పల్లెలకొచ్చి, ఆడవాళ్లనే అడిగి పని గంటల, కూలి లెక్కలు తీశారు. 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ పుస్తకం వేశారు. ఇంటిచాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడవాళ్లకు దక్కేది, పొలంలో ఆడకూలీకి సర్కారు నిర్ణయించిన కనీస కూలిలో మూడో వంతు కూడా లేదని తేల్చారు. లోకం దృష్టిలో మాత్రం వాళ్లంతా గృహిణులు, తీరిక వేళ అల్లుకునేవాళ్లు. తీరికా? తీరిగ్గా నన్ను పట్టుకున్న చెయ్యి నాకైతే గుర్తులేదు.

కోడలు కాస్త చదువుకుంది. ఆమె, మరికొందరు కలిసి సంఘం పెట్టారు. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సభ్యులే పెట్టుబడి పెట్టుకుని, బోర్డును తామే ఎన్నుకోవచ్చు. మొదటి పెద్ద ఆర్డరుకు ధర చెప్పే ముందు కోడలు గోడ గడియారం ఎదురుగా ముగ్గురిని కూర్చోబెట్టింది. బాగా చెయ్యి తిరిగినావిడ ఒకరు, ఓ మాదిరిగా అల్లేవారు ఒకరు, కొత్తగా నేర్చుకున్న పిల్ల ఒకతె. ముగ్గురికీ ఒకటే నమూనా. ఎవరికెంత సేపు పట్టిందో రాసి, సగటు తీసి, గంటకింత కూలి అని కట్టారు. దాని మీద దారం, ఉతుకు, ఇస్త్రీ, రవాణా, సంఘం ఖర్చు వేశారు. అప్పుడు తేలింది ధర.

“అత్తయ్యా, ఇన్నాళ్లూ మనం గంటకెంతకి అల్లామో తెలుసా?”

“చెప్పకే తల్లీ” అన్నారు అత్తగారు.

ఆ ఆర్డరు ఇచ్చింది, చేసినవాళ్లకు న్యాయమైన ధర ఇవ్వాలనే ఫెయిర్ ట్రేడ్ పద్ధతి పాటించే కొనుగోలుదారు. ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థ నియమం ప్రకారం, చేతిపని సరుకుకు తయారీదారులు అడిగితే కనీసం సగం సొమ్ము వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి. అసలు కీలకం అక్కడే ఉంది. దారం కొనే డబ్బు లేకే కదా ఇన్నాళ్లూ ఏజెంటు చెప్పిన రేటుకు తలూపింది!

ఫెయిర్ ట్రేడ్ తొలి అడుగుల్లోనూ సూదిపని ఉందని తెలిసి నాకు గర్వంగా అనిపించింది. 1946లో ఎడ్నా రూత్ బైలర్ అనే అమెరికా ఆవిడ ప్యూర్టో రీకోలో పేద స్త్రీల ఎంబ్రాయిడరీ బట్టలు చూసి, వాటిని తెచ్చి కారు డిక్కీలో పెట్టుకుని తన వాళ్లకు అమ్మడం మొదలుపెట్టారు. అదే తర్వాత టెన్ థౌజండ్ విలేజెస్ సంస్థ అయింది.

సంఘం పెట్టగానే కష్టాలు తీరిపోలేదు. ఒక ఆర్డరుకీ ఇంకో ఆర్డరుకీ మధ్య నెలలు గడిచిపోతాయి. ఆ ఖాళీలో ఏజెంటు మళ్లీ గుమ్మంలోకొస్తాడు. పిల్లల ఫీజులు ఆగవు కనక కండె తీసుకుంటారు. వాళ్లను నేను తప్పు పట్టను. ఈడొచ్చిన ఆడపిల్లలు రొయ్యల ఫ్యాక్టరీ బస్సెక్కుతున్నారు. అక్కడ చల్లటి నీళ్లలో చేతులు నానినా, రోజు గడిస్తే కూలి ఖాయం. కళ అంతరించిపోతోందని సభల్లో బాధపడే పెద్దలు ముందు ఈ కూలి సంగతి చూడాలి. గిట్టుబాటయితే ఏ పిల్లయినా నన్ను పట్టుకుంటుంది.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎక్కడో మిషను మీద తీసిన లేసును ఇక మా ఊరి పేరుతో అమ్మకూడదు. మంచి మాటే, ఆ గుర్తింపు మా పేరును కాపాడుతుంది. కూలిని కాపాడాల్సింది మాత్రం కొనేవాళ్లే.

అందుకే మీకో విన్నపం. ఎగ్జిబిషన్‌లోనో, దుకాణంలోనో లేసు ముక్క చేతికి తీసుకున్నప్పుడు బేరం మొదలుపెట్టకముందే అడగండి: ఇది అల్లడానికి ఎన్ని గంటలు పట్టింది, అల్లినావిడకు ఎంత ముట్టింది? ఆ రెండూ చెప్పగలిగిన చోట కొనండి, అడిగిన ధర ఇవ్వండి.