చెరువు ఎండినా ఈత ఎండలేదు

మా మనవడు ఒంగోలు వెళ్ళి ఈత నేర్చుకున్నాడు. నెలనెలా డబ్బు కట్టి, కళ్ళకు అద్దాలూ నెత్తికి రబ్బరు టోపీ పెట్టుకుని నేర్చాడు. బాగానే ఈదుతాడు, కాదనను. ఆ కొలను మరమ్మతుకని మూసి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలలూ వాడు మంచం దిగలేదు. "నీళ్ళే లేకపోతే ఇంక ఈతేంది తాతయ్యా?" అంటాడు. ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది.

మాకు మాత్రం సింగరాయకొండలో ఏడాది పొడుగునా నీళ్ళెక్కడివిరా? ఇదేమన్నా కృష్ణా డెల్టానా? కార్తీకంలో వాయుగుండం పడితే చెరువు నిండేది. జీలుగు బెండ్ల కట్ట నడుముకు కట్టుకుని నేనక్కడే ఈత నేర్చింది. సంక్రాంతి దాకా మునకలే మునకలు. శివరాత్రి దాటితే మడుగులు, ఉగాదికి బురద. మోటబావుల్లో కూడా నీళ్ళు అడుగంటేవి. అంటే ఏటా ఏడెనిమిది నెలలు మాకు ఈత లేదు. అయినా మళ్ళీ చెరువు నిండిన రోజున అవతలి గట్టు తాకి వచ్చేవాళ్ళం. మధ్యలో ఆయాసపడి ఆగినవాణ్ణి నేను చూడలేదు.

అదంతా దొరువుల చలవ. ఈ కాలం పిల్లలకు ఆ మాటే తెలియదు. సముద్రపొడ్డునున్న పాకల ఊరి వైపు ఇసక నేలల్లో నీటి కోసం తవ్విన గుంట దొరువు. ఒక పక్క ఏటవాలుగా దిగుడు ఉంటుంది. రెండు చేతుల్లో రెండు కుండలు పట్టుకుని దిగాలి, ముంచాలి, ఎక్కాలి, సరుగుడు మొక్క మొక్కకీ పోయాలి, మళ్ళీ దిగాలి. పాదం ఇసకలో కూరుకుపోతుంటే పిక్క నుంచి తొడ దాకా బిగిసేది. పొద్దు పొడిచినప్పుడు మొదలుపెడితే ఎండెక్కేదాకా అదే పని. పొగనాట్లప్పుడు కావిడి భుజానికెత్తేవాళ్ళం. ఇంట్లో చేద సరేసరి. మా అమ్మ రోజుకు ఎన్ని బిందెలు తోడేదో లెక్కలేదు. ఆమె భుజాల సత్తువ ఇప్పటి కుర్రాళ్ళకు లేదు.

ఇంకొకటుంది, అది నాకు ప్రాణం. పాకల ఒడ్డున అలివి వల లాగడం. పడవ మీద వల తీసుకుపోయి సముద్రంలో అర్ధచంద్రాకారంగా వదిలి వస్తే, దాని రెండు కొసల తాళ్ళూ పట్టుకుని రెండు బారులుగా జనం ఒడ్డు మీద వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతారు. సెలవుల్లో మేమూ ఓ చెయ్యి వేసేవాళ్ళం, దోసెడు చేపలు పెట్టేవాళ్ళు. అక్కడొక పెద్దాయన నా వీపు మీద చరిచి, "చేతుల్తో కాదు అబ్బాయా, నడుములోంచి లాగు" అన్నాడు. ఈతలో బార వెయ్యడం నాకు నిజంగా తెలిసింది ఆ రోజే. నీటిని చెయ్యి పట్టుకుంటుంది, లాగేది మాత్రం వీపూ నడుమూ. చేతి బలంతోనే ఈదేవాడు చెరువు సగానికే చాలిస్తాడు, పైగా భుజం కీలు దెబ్బతింటుంది.

ఇప్పుడో? మీట నొక్కితే మోటారు, తిప్పితే కుళాయి. బావులన్నీ చెత్తతో పూడ్చాం. ఒళ్ళు వంచే పని పోయింది. సుఖపడొద్దని నేననను, మా అమ్మ పడ్డ కష్టం మా కోడలికి రావాలని కోరుకోను. కానీ పనితో పాటు వచ్చే సత్తువ కూడా పోయిందన్న సంగతి ఎవరికీ పట్టడం లేదు. పనిలేనప్పుడు కసరత్తన్నా ఉండాలి కదా. రెండు మూడు వారాలు ఒళ్ళు కదల్చకపోతే చాలు, దమ్ము తగ్గడం మొదలవుతుంది.

కరోనా రోజులు గుర్తు తెచ్చుకోమన్నాను మావాణ్ణి. 2020 మార్చిలో దేశంలో ఈతకొలనులన్నీ మూతపడ్డాయి. పోటీల్లో ఈదేవాళ్ళకు కూడా అక్టోబరు దాకా తెరవలేదు. మన ఈతగాడు వీర్‌ధవల్ ఖాడే అంతటివాడే ఇక విరమించుకోవాలేమోనని వాపోయాడు. కేరళకు చెందిన సజన్ ప్రకాశ్ ఆ వేళకు థాయిలాండ్‌లో చిక్కుకుపోయాడు, దానికి తోడు మెడనొప్పి. ఆ మనిషే 2021 జూన్‌లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సాధించిన మొదటి భారతీయ ఈతగాడయ్యాడు. మంచం మీద పడుకుంటే అయ్యే పనా అది?

"అయితే సముద్రంలో ఈదుతాలే" అన్నాడు మావాడు. వద్దంటే వద్దన్నాను. కొలనులో నేర్చిన ఈత అలలకు చాలదు. 2025 సంక్రాంతి సెలవుల్లో ఇదే పాకల ఒడ్డున స్నానానికి దిగినవాళ్ళు కొట్టుకుపోయి చనిపోయారు. ఆ ఏడుపులు తలుచుకుంటే నాకిప్పటికీ గుండె దడే. వాగుల్లో ఇసక తోడిన గుంతలు ఇంకా ప్రమాదం, లోతు పైకి కనపడదు. నీళ్ళు దొరకనన్నాళ్ళు నేల మీదే ఉండమన్నాను. పొద్దున్నే నరసింహస్వామి కొండ ఎక్కి దిగు. తాడాట ఆడు, దమ్ము నిలుస్తుంది. బోర్లా పడుకుని, మోకాళ్ళు వంచకుండా తొడల్లోంచి కాళ్ళాడించు. దండేలు తియ్యి, నీ వయసులో మేం యాభైకి తక్కువ తీసేవాళ్ళం కాదు.

నిన్న సాయంత్రం పాత సైకిలు ట్యూబు కోసి కిటికీ ఊచలకు నేనే కట్టాను. వాడు ముందుకు వంగి రెండు కొసలూ పట్టుకుని, బార వేసినట్టే లాగడం మొదలుపెట్టాడు. పదికే చేతులు వణికాయి. వీపు మీద చరిచి, "నడుములోంచి లాగు అబ్బాయా" అన్నాను. ఇరవై దాకా భుజాలతోనే లాగాడు. ఇరవై ఒకటోది నడుములోంచి వచ్చింది.