పదిహేడు చుక్కల కాఫీ

మా అల్లుడుగారు సెలవులకి సియాటిల్ నుంచి దిగారు. సూట్‌కేసులో చాక్లెట్లు, మా ఆవిడకి విటమిన్ మాత్రలు, నాకో స్వెట్టరు. వాటన్నిటికీ అడుగున గింజలు విసురుకునే చేతి మిషను, కొంగ మెడలాంటి మూతి ఉన్న కెటిల్, అరకు కాఫీ గింజల పొట్లం. మన మన్యంలో కాసి, సముద్రాలు దాటి, అల్లుడుగారితో పాటు మళ్లీ పుట్టింటికొచ్చాయి గింజలు. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న సరుకు కదా, రానుపోను టిక్కెట్టు ఆ మాత్రం భరించగలదు.

మర్నాడు పొద్దున్నే తనే కాఫీ పెట్టుకున్నాడు. ఒక గుక్క తాగి, ఎక్స్‌రే చూసిన డాక్టరులా నిట్టూర్చాడు.

"మామయ్యగారూ, మీ నీళ్లలో ఆల్కలినిటీ ఎక్కువండీ."

"తగ్గడానికి మాత్రలున్నాయా బాబూ?" అన్నాను. బీపీ, షుగర్ల సరసన ఇంకోటి చేరిందనుకున్నాను.

అప్పుడు పాఠం మొదలైంది. మంచి కాఫీలో సన్నటి పులుపుంటుందట. నీళ్లలోని బైకార్బొనేట్లు దాన్ని నోరెత్తనివ్వవట. ఆ పులుపు చచ్చాక మిగిలేది సుద్దముక్క కడిగిన నీళ్లే. పీహెచ్ వేరు, ఆల్కలినిటీ వేరు అని కూడా చెప్పాడు. నాకు అర్థమైనంతలో, పీహెచ్ అంటే మనిషి ఈ క్షణాన ఎంత చిరాగ్గా ఉన్నాడన్నది. ఆల్కలినిటీ అంటే ఎన్ని మాటలు పడితే అతనికి చిరాకొస్తుందన్నది. ముప్ఫై ఏళ్ల కాపురంలో నాకు రెండోది బాగానే పేరుకుంది.

ఈ పీహెచ్ కొలతకి 1909లో పురుడు పోసింది కూడా కోపెన్‌హేగెన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలే. సోరెన్సెన్ అనే ఆయన చలవ. బీరు కాచేవాళ్లకి నీళ్ల పట్టింపు ఇంకా పాతది. పిల్సెన్‌లో నీళ్లు మెత్తన, అందుకని అక్కడ లేత బంగారు రంగు బీరు కుదిరింది. డబ్లిన్ నీళ్లలో బైకార్బొనేట్లు దండి, వాటికి మాడ్చిన బార్లీ పులుపు విరుగుడై నల్లబీరు నిలబడింది. ఊరికో నీరు, నీటికో బీరు. బాగానే ఉంది. మా హైదరాబాదులో ఒక్క ఇంటికే నాలుగు నీళ్లు.

దేని ఆల్కలినిటీ ఎంతో పరీక్షించి చూద్దామన్నాడు అల్లుడుగారు. అందుకు కావలసిన చుక్కల మందు అక్వేరియం చేపలమ్మే కొట్లో దొరికింది. తొట్లో చేపకి ఏ నీళ్లు పడతాయో చూసుకునేందుకు పెట్టిన సరుకది. మనుషులకి అమ్మే కొట్లలో అడిగితే వాటర్ ప్యూరిఫయర్ చూపించారు. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఒక్కో చుక్కా వేస్తూ కలపాలి. ముందు నీలంగా ఉంటుంది, పసుపు రంగుకి తిరిగిన చుక్క దగ్గర ఆపాలి. చుక్కకి లీటరుకు దాదాపు 18 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ లెక్క. మంచి కాఫీకి 40 చాలు, అంటే రెండు చుక్కల చిల్లర.

డైనింగ్ టేబుల్ మీద నాలుగు స్టీలు గ్లాసులు పెట్టాం. ఆర్వో నీళ్లు ఒక్క చుక్కకే పచ్చబడ్డాయి, బొత్తిగా ఓర్పు లేని నీళ్లు. నల్లా నీళ్లకి ఏడు పట్టింది. బోరు నీళ్లు పది చుక్కలైనా నీలంగానే చూస్తున్నాయి. పన్నెండు, పద్నాలుగు... మా ఆవిడ కూర తరుగుతూ తరుగుతూ కత్తిపీట వదిలేసి వచ్చి నిలబడింది. పదిహేడో చుక్కకి తిరిగింది రంగు. లీటరుకు 300 పైమాటే.

"ఆ నీళ్లలో కందిపప్పు ఉడకదని నేను ఇరవై ఏళ్ల నించి మొత్తుకుంటూనే ఉన్నాను. దానికి సీసా కావలసొచ్చిందా?" అని మళ్లీ కత్తిపీట దగ్గరికి వెళ్లిపోయింది.

నాలుగో గ్లాసు ఖాళీ. ట్యాంకరు ఇంకా రాలేదు.

300 ఎక్కువా తక్కువా అని ఐఎస్ 10500 ప్రమాణం తీసి చూశాం. తాగే నీళ్లలో 200 దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా పరవాలేదు అని ఉంది. ఎవరు రాశారో గానీ, వాడకట్టు తెలిసిన మనిషి. ఈ దేశంలో ఒక అవసరానికి రెండు అంకెలుంటాయని, మన వంతుకొచ్చేది ఎప్పుడూ ఆ దిక్కులేని అంకేనని ముందే గ్రహించాడు.

అల్లుడుగారికి ఇది నాలుక మీది రుచి. ఇక్కడికి వంద కిలోమీటర్లలో, నల్గొండలో, ఇదే అంకె ఎముకల సంగతి. నీళ్లలో ఎముకల్ని వంచే ఫ్లోరైడ్ తీసేందుకు నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ వాళ్లు రూపొందించిన పద్ధతికి ఆ ఊరి పేరే పెట్టారు. అందులో పటిక ఎంత వెయ్యాలో ఫ్లోరైడ్‌తో పాటు ఆల్కలినిటీని కూడా చూసి తేల్చాలి. ఈ మాట అంటే అల్లుడుగారు ఒక నిమిషం మాట్లాడలేదు. తరవాత గ్లాసులు కడిగాడు.

సాయంత్రానికి లెక్క తేలింది. ఒక పాలు నల్లా నీళ్లు, నాలుగు పాళ్లు ఆర్వో నీళ్లు కలిపితే నలభైకి అటూ ఇటూ. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. మర్నాటి కాఫీ నిజంగానే బాగుంది. చెప్పొద్దూ, చివర్న బత్తాయి తొన వాసన లాంటిదేదో తగిలింది. మా ఆవిడ మటుకు చికోరీ లేనిది కాఫీయే కాదని తేల్చేసింది.

మూడో రోజు మళ్లీ సుద్దముక్క. వాచ్‌మన్ని పిలిచి అడిగాను.

"నల్లా రాలె సారూ. రాత్రి ట్యాంకరు పోయించిన. సంపుల అన్నీ ఒకటే గద."

అల్లుడుగారు గాజు గొట్టం తెచ్చాడు. ఇరవై రెండు చుక్కలు. ఆ ట్యాంకరు ఏ బోరు దగ్గర నింపుకొచ్చిందో డ్రైవరుకీ భగవంతుడికీ ఎరుక. ఫ్రిజ్ మీది కాగితం పీకి, వెనకవైపు కొత్త లెక్క మొదలుపెట్టాడు. రెండు రోజులకి నల్లా వచ్చింది, కాగితం అయిపోయింది.

ఇంతలో ఈ కబురు మా అపార్ట్‌మెంటు ప్రెసిడెంటుగారి చెవిన పడింది. లిఫ్టులో నన్ను పట్టుకున్నారు.

"మన బోరులో ఆల్కలైన్ మూడొందలుందటగా! జనం లక్షలు పోసి మిషన్లు కొనుక్కుంటున్నారండీ దానికోసం!"

ఆల్కలైన్ వేరు, ఆల్కలినిటీ వేరు అని చిరాకు మనిషి పోలికతో మొదలుపెట్టాను. రెండో అంతస్తు వచ్చింది, ఆయన దిగిపోయారు.

అల్లుడుగారిని విమానం ఎక్కించి వచ్చేసరికి గేటుకి వేలాడే టు-లెట్ బోర్డు కింద స్కెచ్‌పెన్నుతో కొత్త వరస కనబడింది: "24 గంటలు ఆల్కలైన్ వాటర్ సౌకర్యం కలదు." ఆల్కలైన్ సంగతి సరే, ఆ 24 గంటలు చదివి వాచ్‌మన్ కూడా నవ్వుతున్నాడు.