సర్వీసు పుస్తకం కథ

ఈ సర్వీసు పుస్తకం కొత్త కారుతో పాటే పుట్టింది. ఉండే చోటు డాష్‌బోర్డు సొరుగు. బండి నంబరు టీజీ 05తో మొదలవుతుంది, అంటే నల్గొండ రిజిస్ట్రేషన్; 2024 మార్చికి ముందు కొన్నదైతే టీఎస్ 05 అయ్యేది. యజమానిది దేవరకొండ. అక్కడి నుంచి నల్గొండలోని కంపెనీ వర్క్‌షాపుకు 50 కిలోమీటర్ల పైనే. పాలమూరు వైపు అచ్చంపేట వాళ్ల తిప్పలూ ఇంతే. ఆయిల్ మార్పించుకు రావడానికి ఒక రోజు పని పోతుంది. ఊళ్లో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ ఆ పని గంటలో చేసి పెడతాడు. అక్కడ చేయిస్తే వారంటీ పోతుందన్న భయమే యజమానిని ఆపుతుంది.

వారంటీ అంటే తయారీలో లోపమున్న భాగాన్ని కంపెనీ తన ఖర్చుతో బాగుచేస్తానని, లేదా మారుస్తానని ఇచ్చిన మాట. ఫ్రీ సర్వీసు వేరు. పుస్తకంలోని మొదటి కూపన్లకు సాధారణంగా లేబర్ చార్జీ ఉండదు. ఆయిల్, ఫిల్టర్ల డబ్బు యజమానే కట్టాలి. ఆ కూపన్లు కంపెనీ వర్క్‌షాపుల్లోనే చెల్లుతాయి కాబట్టి వాటిని అక్కడే వాడుకోవడం మేలు. షెడ్డు మాట ఆ తర్వాతిది. అదనంగా డబ్బు కట్టి తీసుకునే ఎక్స్‌టెండెడ్ వారంటీ మరో ఒప్పందం, దాని షరతులు విడిగా చదవాలి.

బయట రిపేరు చేయిస్తే వారంటీ రద్దు అన్న వాక్యం ఇలాంటి పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో కనిపించేది. షంషేర్ కటారియా అనే వ్యక్తి ఫిర్యాదుతో 2011లో మొదలైన కేసులో భారత పోటీ కమిషన్ ఆ వాక్యాన్ని పరిశీలించింది. విడిభాగాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు, రిపేరు మాన్యువళ్లు బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారని తేల్చి, 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, ఆ రిపేరు సరిగా లేక జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అయినా న్యాయం ఏ వైపు ఉందో చెప్పడంలో ఆ ఉత్తర్వు విలువ గొప్పది. అమెరికాలో ఇలాంటి రక్షణ 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టంతోనే వచ్చింది.

అందుకే ఈ పుస్తకానికి కంపెనీ వర్క్‌షాపు ముద్ర కన్నా రాత ముఖ్యం. షెడ్డులో సర్వీసు అయ్యాక తేదీ, ఓడోమీటరు రీడింగు, ఆయిల్ గ్రేడు, ఫిల్టరు పార్టు నంబరు రాయించి, బిల్లును పేజీకి జత చేయాలి. షెడ్డులో బిల్లు అడగడానికి మొహమాటపడతారు, కానీ రేపు ఇంజిన్‌లో లోపం బయటపడితే మాట్లాడేది ఆ కాగితమే. సర్వీసు గడువు కిలోమీటర్లు, నెలలు, వీటిలో ఏది ముందొస్తే అది. 0డబ్ల్యూ-20 గ్రేడు ఆయిల్ పోయాలని రాసి ఉన్నచోట చిక్కటి ఆయిల్ పోయకూడదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉంటే తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే కావాలి. లేకపోతే ఆ ఫిల్టరు పూడుకుపోతుంది, అప్పుడు తప్పు నిజంగానే సర్వీసుదవుతుంది. చెలక నేలల ఎర్ర దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు రాసిన గడువుకు ముందే చూపించాలి. ఇక రేడియేటరు. ఈ జిల్లాల్లో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. వాటిని పోస్తే లోపల పొర కట్టి ఇంజిన్ వేడెక్కుతుంది. పుస్తకంలో చెప్పిన కూలెంట్‌నే పోయాలి, కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటరే కలపాలి.

కొన్ని పనులు షెడ్డులో చేయించకూడదు. రీకాల్ కింద, అంటే లోపం ఉందని కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి మార్చే భాగాలు, వారంటీలో ఉచితంగా వచ్చే రిపేర్లు కంపెనీ వర్క్‌షాపులోనే జరగాలి. లోపం అనుమానం వచ్చిన భాగాన్ని షెడ్డులో విప్పించకుండా నేరుగా అక్కడికే తీసుకుపోవాలి, విప్పాక కారణం తేల్చడం కష్టం. ఫాగ్ లైట్లకో, మ్యూజిక్ సిస్టమ్‌కో వైర్లు కోసి అతికిస్తే వైరింగు మీద వారంటీ అడగడానికి ఆధారం ఉండదు.

అన్నీ సరిగా ఉన్నా వర్క్‌షాపు వారంటీ ఇవ్వనంటే, ఏ భాగానికి, ఏ కారణంతో ఇవ్వడం లేదో రాతపూర్వకంగా అడగాలి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి, దానికి ఈ పుస్తకం పేజీల నకళ్లు, బిల్లులు, నిరాకరణ లేఖ జతచేయాలి.