మడత స్టీరియోస్కోపు, మడత పడని మోజు

ఒకే దృశ్యాన్ని కాస్త ఎడంగా రెండు ఫొటోలు తీసి, ఏ కంటి ఫొటోను ఆ కంటికే చూపే సాధనం స్టీరియోస్కోపు. అందులో దగ్గరిది దగ్గరగా, దూరానిది దూరంగా నిలబడుతుంది. మనిషి కళ్ల మధ్య ఎడం సుమారు 6.5 సెంటీమీటర్లు. ఈ విద్యంతా ఆ ఎడం మీదే నడుస్తుంది. పాతవి కొని దాచేవారి ఇళ్లలో భార్యాభర్తల ఎడం అంతకంటే ఎక్కువే.

1838లో చార్లెస్ వీట్‌స్టోన్ దీన్ని అద్దాలతో చేసి చూపాడు. 1849లో డేవిడ్ బ్రూస్టర్ కటకాల పెట్టెగా మార్చాడు. 1851 లండన్ ప్రదర్శనలో విక్టోరియా రాణి ముచ్చటపడ్డాక జనం ఎగబడ్డారు. 1861లో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే అమెరికా వైద్యుడు చేత్తో పట్టుకునే చౌక రకం తయారుచేసి, పేటెంటు మాత్రం తీసుకోలేదు. ఆయన వదులుకున్న లాభాన్ని పాత సామాన్ల వ్యాపారులు నేటికీ వడ్డీతో సహా వసూలు చేస్తున్నారు.

మడత రకాలూ వచ్చాయి. 1920ల చివర ఇంగ్లండులో కావెండర్స్ సిగరెట్ పెట్టెల్లో జంట ఫొటోలు పెట్టేవారు. వాటిని చూడటానికి కెమెరాస్కోప్ అనే మడత రేకు సాధనం ఉండేది. దేశదేశాలూ చూడాలంటే ముందు పొగ తాగాలన్నమాట. 1930ల్లో జర్మనీలో ఆల్బమ్ అట్టలోనే మడత సాధనాన్ని ఇమిడ్చి అమ్మారు.

తెలుగు నేల మీద దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నది మడత కాళ్ల జేబు స్టీరియోస్కోపు. భూగర్భ శాస్త్రజ్ఞులు, అటవీ అధికారులు విమానం నుంచి తీసిన ఫొటోలను పక్కపక్కన పరిచి, దీంతో గుట్టలూ వాగులూ గుర్తించేవారు. 1974లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ పని కూడా ఇలా పైనుంచి నేలను చదవడమే. ఈ జేబు సాధనంలో ఎత్తులు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. హనుమకొండ జిల్లా పరకాల పక్క బోడు కూడా హిమాలయమే. కొనేవాడి ముఖం చూసి అమ్మేవాడు చెప్పే ధరకూ ఇదే గుణం.

పరకాలలో మోజు పుడితే హనుమకొండ మీదుగా హైదరాబాద్ బస్సెక్కాల్సిందే. అక్కడ పాత సామాన్ల జుమ్మెరాత్ బజార్ గురువారాల్లోనూ, ఆబిడ్స్ పాత పుస్తకాల బజారు ఆదివారాల్లోనూ జరుగుతాయి. పరకాల మార్కెట్లో పత్తి కొనేవాడు దూదిని వేళ్లతో లాగి చూడకుండా ధర చెప్పడు; ఇక్కడా అంతే. మడత కీళ్లు తుప్పు పట్టాయా, కటకాలు మసకబారాయా, రెండూ ఒకే జోడీవా అని చూడాలి. హోమ్స్ రకంలో కటకాల మందపు అంచు బయటి వైపు ఉండాలి. ఎవరో విప్పి తారుమారుగా బిగించి ఉంటే, కళ్లు లాగి తలనొప్పి ఉచితంగా వస్తుంది.

ఫొటోలు కూడా ఎడమది ఎడమ, కుడిది కుడి ఉండాలి. అటుదిటు అంటించిన అట్టలో లోతు తలకిందులవుతుంది. వెనక గుడి ముందుకొస్తుంది, ముందున్న పూజారి గోడలోకి వెళతాడు. వ్యాపారి అది అరుదైన రకమంటాడు, నమ్మరాదు.

జంట ఫొటోలు లేకుండా సాధనం ఒక్కటే కొంటే బీరువాలో ఇనుప ముక్క మిగులుతుంది. కాబట్టి రెండు జంట ఫొటోల అట్టలు జేబులో పెట్టుకుని వెళ్లి, చూసి, లోతు కనిపించాకే డబ్బు తీయాలి.